చిల్లుల గొట్టం

గవ్రిల్ కొట్టంలో ఆ పొద్దున ఐదో దూడ దగ్గి దగ్గి చచ్చిపోయింది. దూడలకి మంచిగాలి అందాలని పైన వేలాడదీసిన చిల్లుల గొట్టంలోకి ఫ్యాన్ గాలి తోస్తూనే ఉంది.

"ఇంజనీరమ్మా, ఇంకా పెద్ద ఫ్యానైనా పెట్టిస్తాను. మిగిలినవాటినైనా బతికించు," అన్నాడు.

బొటొషానీ పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు స్మరాండా కంప్యూటర్‌లో లెక్క కట్టింది. వచ్చిన ఫలితం నమ్మలేక గొట్టంలోకి పొగ వదిలి చూసింది. అవతలి చివర పొగ జోరుగా కిందికి దిగింది. ఫ్యాన్ దగ్గరి చిల్లుల్లోంచి మాత్రం సరిగా బయటికే రాలేదు.

"ఇక్కడ గాలి ఆగకుండా ముందుకు ఉరికేస్తోంది మామా. ఆ చివర మూత తగిలాకే దిగుతోంది. ఈ వైపు చిల్లులు పెద్దవి చెయ్యాలి."

గవ్రిల్ మొహం పాలిపోయింది.

"జబ్బుచేసిన ప్రతిదాన్నీ నేనే ఎత్తుకొచ్చి ఫ్యాన్ కింద పడుకోబెట్టాను తల్లీ, గాలి బాగా ఆడుతుందని."

దగ్గుతున్న ఆరోదాన్ని రెండు చేతులా ఎత్తుకుని అవతలి చివరికి పరుగెత్తాడు.