ఆదివారం వైరు

నాంపల్లి దుకాణంలో యూనీస్ తన కొత్త గిటార్‌ను ఒళ్లో పెట్టుకుంది. సంచిలో పట్టేంత చిన్నది. దుకాణం నడిపే రాఘవేంద్ర దాని లోపలే శబ్దం పెంచే ఆంప్, స్పీకర్ బిగించాడు.

"ఇగ ఆదివారం మీ వైర్లతో పని లేదు," అంది భర్త హెర్బర్ట్‌తో. చర్చిలో సౌండ్ చూసేది అతనే.

స్విచ్ వేసి, వారం వారం వాయించే కీర్తనే వాయించింది. తాళం తప్పింది, తీగలు బరబరలాడాయి.

"జర చూడండన్నా, చర్చిలో గిట్లా రాదు."

రాఘవేంద్ర అందుకుని మీటాడు. గిటార్ తియ్యగా పలికింది.

"ఆ స్పీకర్ పీకెయ్," అన్నాడు హెర్బర్ట్.

"ఎందుకు?" అంది యూనీస్.

"చర్చిలో నీ గిటార్ వైరు నేనెన్నడూ ఆంప్‌కి పెట్టలే."

యూనీస్ అతని వైపు తిరిగింది.

"మరి మస్తు వాయిస్తవని అందరూ మెచ్చుకున్నరు గదా?"

"ఔ. వాళ్లు విన్లే గద."