పలకని ట్వీటరు

ఈ లోకంలో ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, పాప గొంతు ఇక ఎప్పటికీ రాకుండా పోతుందేమోనని.

ఆ సాయంత్రం స్పీకర్లు బాగుచేసే మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. అతణ్ణి ముందుగదిలో వదిలేసి, చేతిసంచి ఎక్కడ పడేసిందో కూడా చూసుకోకుండా లోపలి గది తలుపు తోసింది. ఉయ్యాల్లోంచి పాప చేతులు చాచింది. నోరు తెరిచింది. వచ్చింది ఏడుపు కాదు, పాత గుడ్డ చింపుతున్న చప్పుడు.

"మళ్ళీ బొంగురుపోయింది నాన్నా! పొద్దున నేను కుట్టుపనికి వెళ్ళేటప్పుడు కేరింతలు కొట్టింది కదా!"

"నా మీద అరుస్తావేంటే? నేనేమైనా ఐసుముక్కలు మింగించానా?" అన్నాడు తండ్రి, కుర్చీలోంచి కదలకుండానే.

"నీ స్పీకర్ల పొడి మింగించావు!"

ఇంట్లో రోజూ ఇదే రభస. ఆయన పాత స్పీకర్ల చుట్టూ ఉండే స్పాంజి రింగులు చివికిపోయి, పాట పెట్టినప్పుడల్లా నల్లటి పొడి రాలేది. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, గొంతు ఎర్రగా ఉంది తప్ప ఇంకేమీ కనపడటం లేదన్నాడు. ఆమెకు మాత్రం నేల మీద ఆ నల్లపొడి కనపడింది. తను పనికి వెళ్ళాక పాపను ముందుగదిలోకి తేవద్దని, లోపలే పడుకోబెట్టి తలుపు గట్టిగా వెయ్యమని తండ్రికి చెప్పింది. అయినా తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. దాంతో నిన్న తెగేసి చెప్పింది. రింగులైనా మారాలి, పెట్టెలైనా వీధిలోకి పోవాలి.

పొద్దున పెట్టెల్లోంచి విప్పుకుపోయిన పెద్ద స్పీకర్లకు మెకానిక్ కొత్త రబ్బరు రింగులు అతికించి తెచ్చాడు. పెట్టెల లోపల తడిగుడ్డతో తుడిచాడు. గుడ్డ బొగ్గులా అయింది.

"ఇక చిటికెడు పొడి రాలినా నన్నడుగు అక్కా."

ఆమె నమ్మలేదు. పాపను చంకన వేసుకుని వచ్చి, రింగు మీద వేలితో గీకి, వేలికొనను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

అతను స్పీకర్లు బిగించి, పెట్టెలను గోడ నుంచి మూరెడు ముందుకు జరిపాడు. స్టూళ్ళ మీదికి ఎక్కించి, రెండింటినీ పెద్దాయన కుర్చీ వైపు కాస్త తిప్పాడు.

"గోడకి ఆనిస్తే గుయ్యిమంటాయి పెద్దాయనా. ఈ పైనున్న చిన్నది, ట్వీటరు, సన్నటి శబ్దాలన్నీ దీని పనే. ఇది మీ చెవికి సూటిగా ఉండాలి."

పాట పెట్టాడు. పెద్దాయన మొహం విచ్చుకుంది. అంతలోనే ముడుచుకుంది.

"డోలు బాగానే మోగుతోంది. సన్నరాగం ఏదీ? ఈ ట్వీటర్లు చచ్చాయయ్యా. ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నా."

"లేదండీ, భేషుగ్గా పలుకుతున్నాయి."

"నోట్లో నోట్లో గొణక్కు! ముందు నీ చెవుల్లో గులిమి తీయించుకో. ఈ పెట్టెలు నీ వయసులో కొన్నాను నేను."

మెకానిక్ నవ్వేశాడు. "సరే, మీ ఎదురుగానే తేల్చేద్దాం. పెద్దవాటి వైర్లు పీకేస్తున్నా. ఇక పలికితే ట్వీటర్లే పలకాలి. పలక్కపోతే కొత్తవి నేనే వేసిపోతా."

వైర్లు పీకాడు. సౌండు మీట తిప్పాడు.

పాడే మనిషి గొంతు మాయమైపోయింది. తాళాల గలగల, వయొలిన్ తీగ చిట్టచివరి కొస మాత్రం మిగిలాయి. గదినిండా కీచురాళ్ళు మూగినట్టుంది. ఆమె పళ్ళు జివ్వుమన్నాయి. పాప ఆమె భుజం మీంచి తల తిప్పి పెట్టె వైపు చూసింది.

పెద్దాయన ముందుకు వంగి, ఓపిగ్గా కూర్చున్నాడు.

"ఊఁ, పెట్టు మరి."

"పెట్టానండీ."

"పెడితే వినపడదూ? స్విచ్చి వేశావా అసలు?"

మెకానిక్ ఇంకా పెంచాడు. పాప ఉలిక్కిపడి పెదవి విరిచింది.

"ఇప్పుడో, పెద్దాయనా?"

"ఇప్పుడేంటి? చచ్చాయని చెప్పానా లేదా!" పెద్దాయన గెలిచినవాడిలా తొడ చరుచుకున్నాడు. "చూశావా అమ్మాయ్, నేను చెబితే ఎవరు వింటారీ ఇంట్లో?"

మెకానిక్ ఆమె వైపు ఒకసారి చూసి, తల దించుకుని మీట తగ్గించాడు.

ఆమె పాపను గుండెలకు హత్తుకుని బుగ్గ మీద పెదవులు ఆనించింది. ఎండిపోయిన కన్నీటి చార ఉప్పగా తగిలింది. తండ్రి కుర్చీ దగ్గరికి వెళ్ళి, చెవి పక్కన వంగింది.

"నాన్నా... నేను పనికి వెళ్ళాక పాప ఏడుస్తుందా?"

పెద్దాయన మొహం వెన్నలా కరిగింది. మనవరాలి కాలి బొటనవేలు పట్టుకుని ముద్దుగా ఊపాడు.

"ఇదా? దీనంత బుద్ధిమంతురాలు ఇంకొకతె ఉంటుందా! మధ్యాహ్నం పాలు పట్టేసి, నువ్వు చెప్పినట్టే తలుపు వేసి ఇక్కడ కూర్చుంటానా, నువ్వొచ్చేదాకా లోపల్నుంచి ఒక్క కూత వినపడితే ఒట్టు!"

ఇది చదివిన తల్లులారా, మీ పిల్లల్ని కూడా పెద్దవాళ్ళకు అప్పగించి పనికి వెళ్తుంటే, రేపు గడప దాటేముందు వాళ్ళ వెనక నిలబడి మెల్లగా ఒక్కసారి పిలవండి. తిరిగి చూస్తేనే వెళ్ళండి.