అరవై ఎకరాల సున్నా

ఎర్ర జెండా మళ్ళీ కదిలింది.

పొద్దున సర్వేయరు పాతిన చోటు వేరు, ఇప్పుడున్న చోటు వేరు. వాలు మీద నాలుగడుగులు పైకి జరిగింది.

"దయ్యాలు కూడా కొలతలు మొదలుపెట్టాయేమో మేడమ్," అన్నాడు టేపు పట్టుకున్న చైన్‌మన్.

"దయ్యం కాదు, నేనే," అంటూ గట్టు చాటు నుంచి ఓ ముసలాయన లేచాడు. చేతిలో అరిగిపోయిన పార. "నేలలో తడి అక్కడిదాకా ఉందమ్మా. నువ్వు ఇక్కడే ఆపేశావు."

"తాతా, ఆఫీసు జెండాలు ముట్టుకోకూడదు."

"సరే తల్లీ. తడినే కిందికి దిగమని చెబుతాలే."

చైన్‌మన్ నవ్వాడు. సర్వేయరుకు నవ్వు రాలేదు. అసలే బుర్ర తిరిగిపోతోంది.

నదీ పరీవాహక పథకం పరిధిలో ఎన్ని ఎకరాలు బాగుపడ్డాయో తేల్చడం ఆమె పని. పథకానికి ముందు కొలిచి రాసిన పాత పుస్తకం ఒకటి ఉంది. అందులో బీడు అని ఉండి, ఇప్పుడు పైరు ఉంటే, ఎవరు చేసినా బాగుపడినట్టే. అన్నిచోట్లా కుదిరిన లెక్క ఈ వాలు దగ్గరే అడ్డం తిరిగింది.

ఈ అరవై ఎకరాలు ఇప్పుడు పచ్చగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళ నాటి పుస్తకంలోనూ 'నీటి వసతి గలదు, సాగులో ఉన్నది' అనే ఉంది.

"అప్పుడూ పచ్చనే, ఇప్పుడూ పచ్చనే. అంటే బాగుపడింది సున్నా," అన్నాడు చైన్‌మన్.

"ఎవరయ్యా సున్నా అన్నది?" కలుపు తీస్తున్న రైతమ్మ నడుం పట్టుకుని లేచింది. "నేను కాపురానికొచ్చినప్పుడు ఈ వాలు చూసి మేక కూడా మొహం తిప్పుకునేది. అన్నీ రాళ్ళే."

"పుస్తకంలో అలా లేదమ్మా," అంది సర్వేయరు.

"పుస్తకం వచ్చి దున్నిందా?"

"పథకం కాలువ ఇటు రానేలేదు. మరి నీళ్ళెలా నిలిచాయి?"

రైతమ్మ ముసలాయన వైపు చూపించింది. "ఈయన్నడుగు. పదిహేనేళ్ళ కిందట ఎక్కడినుంచో వచ్చి వాలుకు అడ్డంగా గట్లు వేయడం మొదలుపెట్టాడు. పెట్టింది తింటాడు. ఎందుకయ్యా ఈ పని అంటే మాత్రం నోరు విప్పడు."

ముసలాయన పార అంచుకున్న మట్టి తుడుచుకుంటున్నాడు.

"నువ్వు సున్నా రాస్తే మా పొలాలు బాగుపడిన వాటి జాబితాలోకి రావు. కొత్త కాలువ మాకు రాదు, గట్లు ఎవరూ బాగుచేయరు. ఈయన చేతులు చూడు తల్లీ, ఇంకెన్నాళ్ళు మోస్తాయి?" అంది రైతమ్మ.

ఆయన అరచేతుల నిండా కాయలు, పగుళ్ళు. ఆమె చూపు తిప్పుకుంది.

"నాకు రుజువు కావాలి. తాతా, ఇది బీడుగా ఉండగా మీరు చూశారా?"

"చూశాను."

"పథకానికి ముందేనా?"

"చూడాల్సినప్పుడు చూడలేదమ్మా. తర్వాత చూశాను."

చైన్‌మన్ 'ఇక పదండి మేడమ్' అన్నట్టు కళ్ళెగరేశాడు.

ఆమె పాత పుస్తకం తెరిచి మరోసారి చూసుకుంది. ముసలాయన వచ్చి మరీ దగ్గరగా నిలబడ్డాడు.

"లోపలికి తొంగి చూడకండి తాతా."

"చూడట్లేదమ్మా. ఎండలో తెల్ల కాగితం కళ్ళు పీకేస్తుంది."

అప్పుడు గమనించింది. ఆయన నీడ సరిగ్గా పేజీ మీద పడుతోంది.

వెళ్ళేటప్పుడు మడతపెట్టిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "ఆఫీసుకెళ్ళాక చదువు. నా ముందు వద్దు."

రోజుకు పది అర్జీలొస్తాయి. అదీ వాటితో పాటే సంచిలోకి పోయింది.

ఎనిమిది రోజుల తర్వాత నివేదిక తయారైంది. ఆ వాలు దగ్గర ఆమె కలం రెండుసార్లు ఆగింది. ఏది నిజమో అంతుపట్టలేదు. చివరికి పుస్తకాన్నే నమ్మి సున్నా వేసింది. సాయంత్రం పై ఆఫీసుకు పంపాలి.

మధ్యాహ్నం రైతమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"తాత మొన్న పోయాడమ్మా. నిద్రలోనే."

సర్వేయరు కుర్చీలోంచి లేచింది.

"చివరిదాకా ఒకటే మాట. మేడమ్ నా కాగితం చదివిందా, చదివిందా అని. చదివావా తల్లీ?"

ఆమె అర్జీల సంచి అందుకుంది. సంచి బల్ల మీద బోర్లించింది. అర్జీల అడుగున దొరికింది. గుండ్రటి అక్షరాలతో నాలుగే ముక్కలు, కింద సంతకం.

'నలభై రెండో పేజీ తప్పు. వాలు ఎక్కకుండా, ఎండకు జడిసి, పక్క పేజీ చూసి రాసినది. ఆ అరవై ఎకరాలు అప్పటికి బీడే. దయచేసి దిద్దగలరు.'

"గట్లు వేసుకునే ముసలాయనకి మన పుస్తకంలో పేజీ నంబరు ఎలా తెలిసింది మేడమ్?" చైన్‌మన్ నోరు తెరిచాడు.

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఇది ఎవరి మాటని చెప్పి సున్నా కొట్టేయను?"

రైతమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

సర్వేయరు పాత పుస్తకం దించి, నలభై రెండో పేజీ తెరిచి, అడుగున 'కొలిచినవారు' అన్న మాట పక్కనున్న సంతకం దగ్గర ఆ కాగితం ఆనించింది. రెండు సంతకాలూ ఒక్క చేతివే.