అతుకు

శంకరమ్మ పెనిమిటి గుడ్డికంటికి వేరొకరి కంటిపొర అతికించి నలభై రోజులైంది. చూపొచ్చింది. ఇంతలోనే విషజ్వరం పట్టుకుని, ఈ పొద్దున నాంపల్లిలోని దవాఖానలో ఆయన ప్రాణం పోయింది.

మైక్రోస్కోపు గదిలో పనిచేసే డాక్టర్ విద్యాసాగర్ వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ కన్ను నాకియ్యమ్మా. ఇట్లనే అతికించిన మిగిలిన ఆరుగురికి పొర తెల్లబడి మళ్ళా చూపు పోయింది. గిదొక్కటే నిలిచింది. అతుకు ఎట్లా మానిందో మైక్రోస్కోపు అద్దంల పెట్టి చూడకుంటే, ఇంకెవ్వరికీ చూపు తేలేను."

"ఇయ్య సాబ్. గాయిన్ని నిండు మనిషిగనే సాగనంపుత."

అతను ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. శంకరమ్మ వెనక్కి లాక్కుంది.

"గా పొర ఎవ్వలిదో మీకెరుకనా? నా కొడుకుది. అబిడ్స్‌ల మోటారు కింద పడి సచ్చిపోయిండు. నేనే ఇచ్చిన. ఇంకెన్నిసార్లు ఇయ్యాలె?"

విద్యాసాగర్‌కు ఆ సంగతి తెలియదు. తల వంచుకుని లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

"సాబ్," అని ఆమె పిలిచింది. "మీ అద్దంల చూస్తే, పొర గాయిన కంట్ల కలిసిందో లేదో తెలుస్తదా?"

"తెలుస్తదమ్మా."

"అయితే తీసుకోండ్రి. పోరడు పోయేనాటికి తండ్రీకొడుకులకు మాటల్లెవ్వు. ఇద్దరు కలిసిన్రో లేదో నాకొచ్చి చెప్పుండ్రి."