గట్టిపడే దాకా

"ఇప్పుడే ఆరిపోవాలా? మూడింటికల్లా అక్కడ ఉండాలి!" ఆమె దీపాల పెట్టె మీద అరచేత్తో చరిచింది.

పెట్టెలోని ఆరు ట్యూబుల్లో రెండు ఆరిపోయాయి. మిగిలిన నాలుగూ ఊదారంగు వెలుగు చిమ్ముతున్నాయి. వాటి మధ్య ప్లాస్టర్ అచ్చు మీద, ఎపాక్సీ జిగురులో నానిన గాజునార తొడుగు ఉంది. ఈ అతినీలలోహిత కాంతి తగిలిన చోటే ఆ జిగురు గట్టిపడుతుంది. తగలని చోట పచ్చిగానే ఉండిపోతుంది.

ఆమె కృత్రిమ కాళ్ళు తయారుచేస్తుంది. వర్క్‌షాపు మూల స్టూలు మీద కూర్చున్న భర్తకు కుడికాలు మోకాలి కింద లేదు. ఆ మొండికాలిని కృత్రిమ కాలిలో పట్టి ఉంచే పాత తొడుగు పొద్దున్నే బాత్రూం గడప దగ్గర నిలువునా పగిలింది.

"ఇంకో రోజుకి మార్చమని అడిగితే పోలా?" అన్నాడతను.

"ఇప్పటికే రెండుసార్లు మార్చారు. ఇంక నావల్ల కాదు."

"పోనీ, చంకకర్రలతో వస్తాను."

"వద్దన్నానా! కర్రలతో చూస్తే వాళ్ళకి జాలి పుట్టుకొస్తుంది. జాలితో పని తేలదు."

ఆమె స్విచ్ ఆపి, అచ్చును పావు వంతు తిప్పి, తలుపు మూసి మళ్ళీ వేసింది. ఆరిన దీపాల వైపున్న పిక్క భాగానికి ఇప్పుడు ఓరగానైనా వెలుగు తగులుతోంది.

"టైం చెబుతూ ఉండండి."

"ఒంటిగంటా పది. కాస్త కూర్చోరాదూ?"

"కూర్చుంటే గట్టిపడుతుందా?"

"నిలబడితే మాత్రం గట్టిపడుతుందా?"

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. గడియారం వైపు, పెట్టె వైపు మార్చి మార్చి చూస్తూ గోళ్ళు కొరుక్కుంది.

పది నిమిషాలయ్యాక తొడుగును అచ్చుతో సహా బయటికి తీసి నాణెంతో తట్టింది. ముందువైపు టంగుమంది. పిక్క దగ్గర మాత్రం చెక్కమీద గుడ్డ వేసి కొట్టినట్టు మొద్దుగా మోగింది. పైనున్న ప్లాస్టిక్ కాగితం కొంచెం లేపి, గ్లవ్ తొడిగిన వేలితో తాకింది. వేలు అంటుకుంది.

"పచ్చిగా ఉంది," అంది. ఇలాగే తొడిగితే బరువు పడగానే పొరలు విడిపోతాయి. అక్కడ పద్నాలుగు మెట్లున్నాయి. ఏ తొమ్మిదో మెట్టు మీదో విడిపోతే?

"పడితే పడతాను. నాకేమన్నా కొత్తా?"

"మీకు కొత్త కాదు. చూసే నాకే, ప్రతిసారీ కొత్త."

ఆమె ముందువైపు ట్యూబులు రెండు ఊడదీసింది. తొందరలో ఒకటి జారబోయింది, గుండెలకు అదుముకుని ఆపింది. రెంటినీ పిక్క వైపు బిగించి, అచ్చును లోపల పెట్టి మళ్ళీ స్విచ్ వేసింది. ఈసారి పావుగంట. ఇద్దరూ ఆ తలుపు సందులోంచి కారే వెలుగునే చూస్తూ కూర్చున్నారు.

తీసి తట్టింది. టంగ్! కింద తట్టింది, పక్కన తట్టింది. అంతటా అదే మోత.

ఆ తర్వాత ఆమె చేతులకు ఊపిరాడలేదు. అచ్చు పగలగొట్టింది, అంచులు అరగదీసింది, దుమ్ము కడిగింది, కింద గొట్టాన్నీ పాదాన్నీ బిగించింది. మోకాళ్ళ మీద కూర్చుని స్వయంగా తొడిగింది.

"ఎక్కడైనా నొక్కుతోందా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"అమ్మతోడు, లేదు."

మూడుకి ఐదు నిమిషాలుందనగా ఆ భవనం ముందు ఆటో దిగారు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే తొడుగు ఎక్కడైనా చిట్లుతుందేమోనని చెవులు రిక్కించి విన్నది. తొమ్మిదో మెట్టు దగ్గర కళ్ళు మూసుకుంది. పద్నాలుగోది ఎక్కాక అతను వెనక్కి తిరిగి గర్వంగా నవ్వాడు.

"చూశావా నీ చేతిపని! ఇసుమంతైనా కదల్లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. వరండా చివరి గది ముందు బంట్రోతు చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ ఎగాదిగా చూసి అడిగాడు.

"మూడు గంటల విడాకుల కేసు మీదేనా? అర్జీ పెట్టిందెవరు?"

"నేనే," అంటూ ఆమె అతని మోచెయ్యి వదిలేసింది.