రెండు రంగుల పట్టీ

మరిగే నూనె మూకుడు దించుతుండగా హైమ చేతిపట్టీ నీలం నుంచి పసుపుకి మారింది. మురారి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. హైమలోని వేర్వేరు మనుషుల్లో ఎవరు బయటికొచ్చారో ఆ పట్టీ రంగే చెబుతుంది. పసుపంటే, ఇప్పుడు అతని భార్యలో ఉన్నది ఆరేళ్ల బుల్లి. దగ్గరికెళితే బెదిరి మూకుడు వదిలేస్తుంది.

"మామయ్యా, బరువుగా ఉంది!"

ఫోన్‌లో మీట నొక్కితే బుల్లి పోయి హైమ వస్తుంది. కానీ బలవంతంగా మారిస్తే చేతులు సడలిపోతాయి. లోపలివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే అసలు వైద్యమంటుంది డాక్టరమ్మ. ఇంతవరకు అది జరగలేదు.

"బుల్లీ, లోపల భ్రమరక్క ఉందిగా? సాయం అడుగమ్మా."

"అక్క నాతో మాట్లాడదుగా!"

"ఈసారి అడిగి చూడు తల్లీ."

పట్టీ మీద పసుపు పక్కనే భ్రమర రంగు, ఎరుపు వెలిగింది. మూకుడు మెల్లగా గట్టు మీద దిగింది.

"అక్క నా చేతులు పట్టుకుంది," అంది బుల్లి.

వెంటనే అదే నోట భ్రమర గరుకు గొంతు పలికింది: "చూస్తావేమయ్యా? ముందు స్టవ్ ఆపు!"