పుస్తకంలో గండయ్య, బొమ్మలో గండయ్య

"ఆపుండ్రి! బొమ్మ ఆపుండ్రి!"

టూరింగ్ టాకీసు డేరాలో, నేల టికెట్ల మధ్య నుంచి లేచి లక్ష్మీనర్సమ్మ పెట్టిన కేకకు నారాయణపేట జనమంతా అటు తిరిగారు. తెర మీద నేతగాడు గండయ్య దొర కాళ్ల మీద పడి ఉన్నాడు. దొరగారేమో కన్నీళ్లు కారుస్తూ అతన్ని లేవనెత్తుతున్నాడు. ఎంత దయ!

"కూసో అమ్మా, అందరు చూస్తున్రు" అని కొడుకు భిక్షపతి చెయ్యి పట్టి లాగాడు. ఆమె విదిలించుకొని తిన్నగా మేనేజరు రఘుపతి ముందుకు పోయింది.

"నా పెనిమిటిని దొర కాళ్ల మీద పడేస్తరా? బుక్కుల గిట్లనే ఉన్నదా?"

"లేదమ్మా. బుక్కుల గండయ్య చీర చింపి దొర మొఖాన కొడ్తడు, తలెత్తుకొని గడి బయటికొస్తడు. నేను సుత చదివిన. గట్ల చూపిస్తే పెద్దోళ్లకు కోపమొస్తదని సినిమోళ్లు మార్చిన్రట."

"కాళ్లు మొక్కిండని వాళ్లకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? కల్పించిన్రు."

"కల్పించిన్రా..." ఆమె గొంతు ఒక్కసారి తగ్గి, మళ్లీ లేచింది. "సచ్చినోని పరువు తీస్తే పైసలొస్తయా మీకు? థూ!"

మగ్గం మీది పడుగు ఎప్పుడు మారినా, దాని మీద నేసిన మొదటి చీర ఊరికే దొర ఉండే గడికి ఇచ్చుకోవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. ఇవ్వనని చెప్పడానికి గండయ్య పెళ్లాంతో కలిసి గడి లోపలికి పోయాడు. లోపల దొర తప్ప మరెవరూ లేరు. ఆ నెలలోనే నిజాం మీదికి మిలట్రీ వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. ఆ ఏడే గండయ్య జ్వరంతో పోయాడు. తర్వాత నవల రాసినాయన వచ్చి, లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కూర్చొని కథంతా విని, పేరు కూడా మార్చకుండా రాసుకున్నాడు. ఆ పుస్తకం చదివే భిక్షపతి పెద్దవాడయ్యాడు.

ఇంటికి నడుస్తూ అతను నేల చూపులు చూశాడు.

"అమ్మా, రేపు సావుకారు తాన నేను నోరిప్ప."

"ఏమైందిరా? మీ నేతోళ్లందరు నిన్నే ముందల పెట్టుకున్రు గద."

"ఆయన నూలు ఇడిచి మన నేతోళ్ల సొసైటీల చేరితే, అప్పు కింద మగ్గాలు గుంజుకుంటనంటుండు. బాపు సుత మొక్కిండేమో. అంత పెద్ద దొర ముందల ఎవలు నిలబడ్తరు?"

లక్ష్మీనర్సమ్మ చాచి కొట్టింది. బజారని కూడా చూడలేదు.

"గడిల ఉన్నది నేను. రాసినాయనకు చెప్పింది నేను. బొమ్మను నమ్ముతవా, నన్ను నమ్ముతవా?"

భిక్షపతి చెంప రుద్దుకున్నాడు. "నిన్నే."

తెల్లారి సావుకారు వాకిట్లో అతని గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "మా బాపు మొక్కలే! నేను మొక్క! మగ్గం గుంజుకపో, ఎట్ల గుంజుకపోతవో చూస్త!" వెనకాల నేతగాళ్లంతా ఒక్క పెట్టున అరిచారు. సావుకారు తలుపేసుకున్నాడు. జనం అటు నుంచి అటే సొసైటీ దారి పట్టారు.

లక్ష్మీనర్సమ్మ గడపలో కూలబడింది. దొర మీద, సినిమా వాళ్ల మీద, పోయిన మొగుడి మీద పట్టరాని కోపం వచ్చి భోరున ఏడ్చింది.

గండయ్య నిజంగానే మొక్కాడు.